ఒకే ఎండలో ఒకే పరుగు: కొందరి శరీరం ఎందుకు అలవాటు పడదు?

కోచ్ గారూ, మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్తాను. విజయవాడలో ఎనిమిది మంది 5,000, 10,000 మీటర్ల రన్నర్లకు మీరు శిక్షణ ఇస్తున్నారు. జూన్‌లో చెన్నైలో మీట్ ఉంది. అందుకని వేడికి అలవాటు చేయడానికి ఏప్రిల్ ఆఖరులో పది రోజులు, రోజూ సాయంత్రం 4 గంటలకు, అందరినీ ఒకే స్పీడులో గంటసేపు పరిగెత్తించారు. నలుగురికి హార్ట్ రేట్ బాగా తగ్గింది. ఇద్దరికి ఏ మార్పూ లేదు. ఒక అమ్మాయికి ఆఖరి రెండు రోజుల్లోనే మార్పు కనిపించింది. 74 కిలోల రెంటచింతల అబ్బాయికి మాత్రం తలనొప్పి, వికారం వచ్చి, ఏడో రోజు నుంచి పరుగే పడిపోయింది. "పుట్టి పెరిగిందే ఎండల్లో, వాడికే ఇలా ఎందుకు? కొందరి జీన్స్‌లోనే లేదంటున్నారు, నిజమేనా? హార్ట్ రేట్ బాగా తగ్గని మిగతా నలుగురినీ టీమ్‌లోంచి తప్పించాలా?" అని అడిగారు.

ఇప్పుడే తప్పించకండి. మీరు ఎనిమిది మందికీ ఒకే స్పీడు ఇచ్చారు కానీ ఒకే వేడి ఇవ్వలేదు. అలవాటు పడేది శరీరం లోపల పెరిగిన వేడికి. బయట ఎండ ఎంత, స్పీడు ఎంత అన్న అంకెలు ఒక్కటే దాన్ని చెప్పవు. ఒకే పరుగులో ఒకరి లోపలి ఉష్ణోగ్రత 38 డిగ్రీల దగ్గరే ఆగిపోవచ్చు, పక్కనున్నవాడిది 39.5 దాటవచ్చు. వేడినే మందు అనుకుంటే, మొదటివాడికి మోతాదు సరిపోలేదు, రెండోవాడికి ఎక్కువైంది. ఇద్దరినీ "అలవాటు పడని శరీరం" అనే ఒకే గంపలో వేస్తే ఇద్దరికీ అన్యాయమే. ఎండలో పరిగెత్తే పిల్లలతో చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. నిజంగా ఏమాత్రం అలవాటు పడని ఆరోగ్యవంతుడు చాలా అరుదు. ఆలస్యంగా అలవాటు పడేవాళ్లూ, తప్పు మోతాదు అందినవాళ్లూ మాత్రం ప్రతి గ్రూపులోనూ ఉంటారు.

ముందు శరీరంలో ఏం మారుతుందో, ఏ వరుసలో మారుతుందో చూద్దాం. సగం గందరగోళం ఇక్కడే ఉంది. మొదటి మూడు నుంచి ఆరు రోజుల్లో రక్తంలోని ప్లాస్మా, అంటే నీటి భాగం పెరుగుతుంది. రక్తం ఎక్కువైతే గుండె అదే పనిని తక్కువ కొట్టుకుని చేస్తుంది, అందుకే హార్ట్ రేట్ ముందు తగ్గుతుంది. చెమట త్వరగా మొదలవడం, ఎక్కువగా పట్టడం, చెమటలో ఉప్పు తగ్గడం ఇంకాస్త ఆలస్యం. వీటికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ప్లాస్మా పెరుగుదల ఎంత అన్న దాంట్లోనే మనిషికీ మనిషికీ ఎంత తేడా ఉందంటే, పరిశోధనల్లో 3 శాతం నుంచి 27 శాతం దాకా నమోదైంది. మీరు ఒక్క హార్ట్ రేటే చూశారు. మార్పు లేదనుకున్న ఇద్దరిలో ఒకరికి చెమట పెరిగి ఉండొచ్చు, మీ కొలతలో అది పడదు.

ఈ తేడా మైదానంలో కూడా తెలుస్తుందనడానికి ఖతర్‌లో జరిగిన పని మంచి ఉదాహరణ. దోహాలోని ఆస్పెటార్ స్పోర్ట్స్ హాస్పిటల్ పరిశోధకులు ఫుట్‌బాల్ ఆటగాళ్లను వారం లోపే వేడికి అలవాటు చేసి, తర్వాత మండే ఎండలో మ్యాచ్ ఆడించారు. రక్తం పలచబడడం, అంటే ప్లాస్మా పెరగడం ఎవరిలో బాగా జరిగిందో వాళ్లు ఎండలో కూడా తమ పరుగును ఎక్కువగా నిలుపుకున్నారు. అందరూ ఒకే క్యాంపులో ఉన్నారు, ఒకే రోజులు గడిపారు, అయినా ఫలితం ఒక్కటి కాదు. అదే దోహాలో డెన్మార్క్ సైక్లిస్టుల మీద ఇంకో ప్రయోగం జరిగింది. సుమారు 37 డిగ్రీల ఎండలో 43.4 కిలోమీటర్ల టైమ్ ట్రయల్, అంటే ఒక్కొక్కరూ గడియారంతో పోటీ పడి తొక్కడం. మొదటి రోజు వాళ్ల పవర్ చల్లటి వాతావరణంలో కంటే సగటున 16 శాతం పడిపోయింది. వారానికి ఆ నష్టం సగానికి తగ్గింది, రెండు వారాలకు దాదాపు పూర్తిగా పూడింది. ఇవి సగటు లెక్కలని గుర్తుపెట్టుకోండి. మీ దగ్గర ఉన్నది సగటు మనిషి కాదు, ఎనిమిది మంది పిల్లలు. పదో రోజుకు "వీడు అలవాటు పడలేదు" అని తీర్పు చెప్పడం తొందరపాటు.

ఇప్పుడు మార్పు లేని ఆ ఇద్దరి సంగతి. నాకు మూడు అనుమానాలు ఉన్నాయి.

ఏప్రిల్ ఆఖరుకు విజయవాడలో ఎవరైనా కొంత అలవాటు పడే ఉంటారు. రోజూ బయట తిరిగేవాళ్లు, మధ్యాహ్నం పని చేసేవాళ్లు ఇంకా ఎక్కువ. మీ క్యాంపు మొదలయ్యేసరికే వాళ్ల శరీరం సగం దారి నడిచి ఉంటే మిగిలిన మార్పు చిన్నదిగానే కనిపిస్తుంది. మొదటి రోజు వాళ్ల హార్ట్ రేట్ ఎంతో చూడండి. మిగతావాళ్లకు 170 ఉన్నప్పుడు వీళ్లకు 148 ఉంటే, తగ్గడానికి చోటే లేదు.

రెండోది, ఆ ఇద్దరూ మీ గ్రూపులో బాగా ఫిట్‌గా ఉన్నవాళ్లు అయితే, ఆ స్పీడు వాళ్లకు జాగింగ్ కింద లెక్క. లోపలి వేడి పెరగలేదు, శరీరానికి మారాల్సిన అవసరం రాలేదు. పైగా స్పీడు మార్చకుండా పది రోజులు అదే చేయిస్తే, కొద్దిగా అలవాటు పడగానే అదే పరుగు ఇంకా తేలికైపోతుంది. నాలుగో రోజు తర్వాత వాళ్లకు అందిన వేడి రోజురోజుకీ తగ్గుతూ వచ్చి ఉంటుంది. అందుకే ల్యాబుల్లో చాలాచోట్ల స్పీడును కాకుండా లోపలి ఉష్ణోగ్రతను పట్టి ఉంచుతారు. గంటసేపు 38.5 డిగ్రీల దగ్గర ఉండేలా, అలవాటు పడేకొద్దీ పనిని పెంచుతూ పోతారు.

మూడోది కొలత. ఒకే మనిషికి, ఒకే పరుగులో, రోజుకూ రోజుకూ హార్ట్ రేట్ నాలుగైదు బీట్లు అటూ ఇటూ అవుతుంది. రాత్రి నిద్ర చాలకపోయినా, కాఫీ తాగి వచ్చినా, నీళ్లు తక్కువ తాగినా మారుతుంది. ఇక ఆరుబయట ఒకరోజు 38 డిగ్రీలు, ఇంకోరోజు 42. మొదటి రోజు, ఆఖరి రోజు ఒక్కో అంకె తీసుకుని తీసివేత చేస్తే, వచ్చేది శరీరంలో మార్పో వాతావరణంలో మార్పో తెలియదు. ఆ నలుగురికి "బాగా తగ్గింది" అన్నదాన్ని కూడా ఇదే కారణంతో నేను కాస్త అనుమానంగానే చూస్తాను.

ఆలస్యంగా మారిన అమ్మాయి విషయంలో కంగారు పడాల్సింది ఏమీ లేదు. నెలసరి రెండో భాగంలో, అంటే అండం విడుదలైన తర్వాత నెలసరి వచ్చేదాకా, విశ్రాంతిలో ఉన్నా శరీరం 0.3 నుంచి 0.5 డిగ్రీలు వేడిగా ఉంటుంది. మీ పది రోజుల్లో మొదటి వారం ఆ భాగంలో పడి ఉంటే, అలవాటు పడుతున్నా అంకెల్లో కనిపించదు. అంతే కాదు, మగవాళ్లకు ఐదు రోజుల్లో వచ్చిన మార్పు ఆడవాళ్లకు పది రోజులకు వచ్చినట్టు ఒక అధ్యయనంలో తేలింది. అమ్మాయిల క్యాంపును ఆరేడు రోజులకే ముగించే కోచ్‌లు మన దగ్గర చాలామంది ఉన్నారు, అది నాకు బాధ కలిగించే విషయం. అమ్మాయికి ఇబ్బంది లేకుండా, మీ దగ్గర మహిళా అసిస్టెంట్ ఉంటే ఆవిడ ద్వారా, తేదీలు రాసుకోమని చెప్పండి. ఎనిమిది మందిలో 16, 17 ఏళ్లవాళ్లు ఉంటే వాళ్లకు కూడా కొన్ని రోజులు ఎక్కువే ఇవ్వండి.

ఒక రక్తపరీక్ష గురించి ఇక్కడే చెప్పేస్తాను. వేడి శిక్షణ జరుగుతుండగా హిమోగ్లోబిన్ చూస్తే, ప్లాస్మా పెరిగి రక్తం పలచబడింది కాబట్టి అంకె తగ్గినట్టు రావచ్చు. దానికి రక్తహీనత అని పేరు పెట్టి భయపెట్టకండి. మన రాష్ట్రాల్లో అమ్మాయిల్లో రక్తహీనత నిజంగానే ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. కాబట్టి పరీక్ష మానకండి, శిక్షణ మొదలుకాక ముందే చేయించండి. శరీరంలో ఇనుము నిల్వ ఎంతో చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించండి.

ఇక రెంటచింతల అబ్బాయి. మీ ప్రశ్నలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇతనే.

వేసవి వస్తే వార్తల్లో రెంటచింతల పేరు రాని ఏడాది ఉండదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనవాళ్లు ఊరికే అనలేదు. అలాంటి ఊళ్లో పెరిగినవాడికి ఎండ లెక్కలేదని అనుకోవడం సహజం. కానీ ఎండలో బతకడం వేరు, ఎండలో పరిగెత్తడం వేరు. ఊళ్లో పెద్దవాళ్లు ఎండాకాలం ఎలా బతుకుతారో చూడండి. తెల్లవారుజామునే పొలం పని ముగించుకుంటారు, మధ్యాహ్నం నీడ పట్టున ఉంటారు, అడుగు నెమ్మదిగా వేస్తారు. తరాలుగా నేర్చుకున్న తెలివి అది. వేడి దేశాల్లో పుట్టి పెరిగినవాళ్లను పరీక్షించిన చోట్ల కూడా, వాళ్లకు చెమట ఆలస్యంగా, పొదుపుగా పడుతుందని గమనించారు. నీళ్లు వృథా కాకుండా బతకడానికి అది మంచి పద్ధతి. కానీ పరిగెత్తేటప్పుడు శరీరంలో పుట్టే వేడి, కూర్చున్నప్పటికంటే పది రెట్లకు పైగా ఉంటుంది. అప్పుడు పొదుపు పనికిరాదు, చెమట ధారగా పట్టాలి. అది పరుగుతోనే వచ్చే అలవాటు, పుట్టిన ఊరితో రాదు. పైగా ఈ అలవాటు నిల్వ ఉండేది కాదు. వేడికి దూరమైతే రోజుకు సుమారు రెండున్నర శాతం చొప్పున కరిగిపోతుందని లెక్క కట్టారు. అతను ఏసీ గదిలో చదువుకుంటూ, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడే పరిగెత్తే అలవాటు ఉన్నవాడైతే, ఎండ విషయంలో ఊటీ నుంచి వచ్చిన కుర్రాడికంటే పెద్ద తేడా ఏమీ ఉండదు.

రెండో విషయం అతని బరువు. పరుగులో పుట్టే వేడి బరువుకు తగ్గట్టు ఉంటుంది, దాన్ని బయటికి పంపేది చర్మం. 50 కిలోలు, 160 సెంటీమీటర్ల మనిషికి చర్మం వైశాల్యం దాదాపు 1.5 చదరపు మీటర్లు. 74 కిలోలు, 178 సెంటీమీటర్లవాడికి 1.9. లెక్క వేస్తే ఒక్కో చదరపు మీటరు మీద అతను మోయాల్సిన వేడి, ఆ చిన్న మనిషికంటే ఆరో వంతు దాకా ఎక్కువ. పొడి గాలిలో ఇది పెద్దగా తెలియదు, చెమట ఆరిపోతుంది. కృష్ణా ఒడ్డున ఉక్కపోతలో తెలుస్తుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే 580 కిలోకేలరీల దాకా వేడి తీసుకుపోతుంది. కిందికి కారిపోయిన చెమట ఏమీ తీసుకుపోదు. గాలిలో తేమ ఎక్కువైతే ఎంత చెమట పట్టినా ఆవిరయ్యేదానికి ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దును పెద్ద శరీరం ముందు తాకుతుంది. రెంటచింతల ఎండ పొడి ఎండ, విజయవాడది ఉక్క. చెన్నైలో సముద్రపు గాలితో ఉక్క ఇంకా ఎక్కువ.

చెమట ఎక్కువ పట్టినంత మాత్రాన గెలుపు రాదని చెప్పడానికి అమెరికా మారథానర్ అల్బెర్టో సలజార్ కథ చాలు. 1978లో ఫాల్‌మత్ రోడ్ రేసు ముగింపులో అతను కుప్పకూలినప్పుడు శరీరం వేడి 42 డిగ్రీల దాకా ఉంది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కు ముందు శాస్త్రవేత్తలు అతన్ని ప్రత్యేకంగా వేడికి సిద్ధం చేశారు. శరీరం చక్కగా స్పందించింది, చెమట పెరిగింది. గంటకు సుమారు 3.7 లీటర్లు! మనుషుల్లో నమోదైన అతి పెద్ద అంకెల్లో అదొకటి. మామూలు రన్నర్లకు గంటకు అర లీటరు నుంచి రెండు లీటర్ల మధ్య ఉంటుంది. కానీ అంత నీటిని కడుపు తిరిగి పీల్చుకోలేదు. ఒలింపిక్ మారథాన్ ముగిసేసరికి శరీర బరువులో 8 శాతం పోయింది, 2 గంటల 14 నిమిషాల 19 సెకన్లతో 15వ స్థానం వచ్చింది. ఆ రోజు గెలిచింది 37 ఏళ్ల పోర్చుగల్ రన్నర్ కార్లోస్ లోపెజ్, 2 గంటల 9 నిమిషాల 21 సెకన్లలో. అలవాటు పడటంలో సలజార్‌కు ఏ లోటూ లేదు. ఆ అలవాటు తెచ్చిన కొత్త అవసరాన్ని, అంటే నీటిని, తీర్చడం కుదరలేదు. మీ పిల్లల్లో చెమట బాగా పెరిగినవాళ్లకు కూడా ఈ సమస్య రావచ్చు.

ఇప్పుడు అసలు భయపడాల్సిన మాట. తలనొప్పి, వికారం, రోజురోజుకీ పడిపోతున్న పరుగు... ఇది "అలవాటు పడలేదు" అన్న దానికి గుర్తు కాదు. మోతాదు మించిందని శరీరం చెబుతోంది. అతన్ని వెంటనే ఎండలోంచి తప్పించండి. టీమ్‌లోంచి కాదు. కనీసం వారం, పది రోజులు చల్లటి పూట తేలికపాటి పరుగే. ఈలోగా అడగాల్సినవి: ఈమధ్య జ్వరం, విరేచనాలు ఏమైనా వచ్చాయా? జ్వరం తగ్గిన కొద్ది రోజులకే ఎండలో గట్టిగా పరిగెత్తడం వడదెబ్బకు దారి. జలుబుకో అలర్జీకో మాత్రలు వేసుకుంటున్నాడా? వాటిలో కొన్ని చెమటను తగ్గిస్తాయి. జిమ్‌లో ఎవరో ఇచ్చిన పౌడర్లు తాగుతున్నాడా? రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నాడు? రేకుల షెడ్డులో, కరెంటు పోయే గదిలో పడుకునే పిల్లలకు పగటి శిక్షణ ఎంత జాగ్రత్తగా ఇచ్చినా రాత్రి కోలుకోవడం ఉండదు. ఏసీలో పడుకుంటే అలవాటు పోతుందని కొందరు కోచ్‌లు పిల్లలను భయపెడతారు. అది తప్పు. రోజుకు గంట, గంటన్నర సరైన వేడి చాలు, మిగతా సమయం ఎంత చల్లగా, ఎంత హాయిగా ఉంటే అంత మంచిది.

ఇంకో పరీక్ష, ముఖ్యంగా ఏజెన్సీ ప్రాంతాల నుంచి వచ్చే పిల్లలకు: సికిల్ సెల్, అంటే తల్లిదండ్రుల నుంచి వచ్చే ఒక రక్తవ్యాధి. రోగం లేకుండా, తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే ఆ జీన్ వచ్చినవాళ్లు మామూలుగానే ఉంటారు, బాగా పరిగెత్తుతారు కూడా. కానీ వేడిలో, విశ్రాంతి లేని గట్టి పరుగుల్లో వాళ్లకు కండరాలు దెబ్బతినే ప్రమాదం మిగతావాళ్లకంటే ఎక్కువ అని అమెరికా సైనికుల మీద జరిగిన పెద్ద అధ్యయనంలో తేలింది. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో ఈ పరీక్షలు చేస్తున్నారు. ఫలితం ఏదైనా పిల్లవాణ్ని ఆటకు దూరం చేయడానికి వాడకండి. విరామాలు ఎక్కువ ఇవ్వడానికి, ఒళ్లునొప్పులు అన్నప్పుడు నమ్మడానికి వాడండి.

జీన్స్ ప్రశ్నకు ఇక్కడే జవాబు చెప్తాను. పుట్టుకతో వచ్చే తేడాలు ఉన్నాయి, కాదనను. గత శతాబ్దంలో దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో ఇది చాలా పెద్ద ఎత్తున చూశారు. భూమి లోతుల్లో ఉక్కపోతలో పని చేయడానికి నల్లజాతి కార్మికులను ముందు వేడి గదుల్లో రోజుకు నాలుగు గంటలు మెట్లు ఎక్కించి దించి అలవాటు చేసేవాళ్లు. కొందరు మొదటి రోజు నుంచే తట్టుకున్నారు, కొందరు ఎన్ని రోజులైనా ఇబ్బంది పడ్డారు. ఆ మనుషులు చెమటోడ్చింది గనుల యజమానుల లాభం కోసం, అదీ వర్ణవివక్ష కాలంలో. ఈ శాస్త్రం వాళ్లకు రుణపడి ఉంది. కానీ ఆ అనుభవం చెప్పేది ఏమిటంటే, ఎవరు తట్టుకుంటారో వేడిలో పెట్టి చూస్తేనే తెలిసింది. ఈ రోజుకీ అంతే. ఆర్‌వైఆర్1 లాంటి ఒకట్రెండు జీన్లలో మార్పులకు, పరుగులో వచ్చే వడదెబ్బకు సంబంధం ఉందని తెలుసు. అవి అరుదైనవి, డాక్టర్లు చూసుకోవాల్సినవి. ఎవరు వేడికి బాగా అలవాటు పడతారో ఉమ్మి పరీక్ష చేసి చెప్తామనేవాళ్లకు పిల్లల డబ్బులు ఇవ్వొద్దు. వడదెబ్బ తగిలిన సైనికులను తిరిగి విధుల్లోకి తీసుకునే ముందు ఇజ్రాయెల్ సైన్యం చేసే పరీక్ష కూడా జీన్లతో కాదు. 40 డిగ్రీలు, 40 శాతం తేమ ఉన్న గదిలో గంటకు 5 కిలోమీటర్ల వేగంతో, కొద్దిగా ఎత్తుగా వాల్చిన ట్రెడ్‌మిల్ మీద రెండు గంటలు నడిపిస్తారు. లోపలి వేడి, హార్ట్ రేట్ ఎక్కడ నిలబడతాయో చూస్తారు.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. ఇంకో విడత పెట్టండి, కానీ ఈసారి తిరగేసి. స్పీడు పట్టుకోకండి, హార్ట్ రేట్ పట్టుకోండి. ఒక్కొక్కరి గరిష్ఠ హార్ట్ రేట్‌లో 75 నుంచి 80 శాతం మధ్య ఉండేలా గంటసేపు పరిగెత్తమనండి, స్పీడు ఎంత వస్తే అంత రానివ్వండి. హార్ట్ రేట్ ఆ హద్దు దాటితే నడవాలి. బరువైన అబ్బాయి నెమ్మదిగా వెళ్తాడు, ఫిట్‌గా ఉన్నవాడు వేగంగా వెళ్తాడు, ఇద్దరికీ దాదాపు ఒకే స్థాయి వేడి అందుతుంది. అలవాటు పడేకొద్దీ అదే హార్ట్ రేట్‌కు స్పీడు తనంతట తనే పెరుగుతుంది. రోజూ ఎన్ని కిలోమీటర్లు వచ్చాయో రాస్తే అదే మీ కొలత, వేరే పరీక్ష అక్కర్లేదు. అయినా ముందు రెండు రోజులు, ఆఖరున రెండు రోజులు అరగంట తేలిక జాగింగ్ ఒకే వేళకు, ఒకే చోట పెట్టి హార్ట్ రేట్ రాసుకుంటే అనుమానాలు తీరతాయి. ఆ పూట ఉష్ణోగ్రత, తేమ రెండూ పక్కన రాయండి. మే నెలలో 4 గంటలు మరీ ముందు, 5 తర్వాత మొదలుపెట్టండి. గట్టి ఇంటర్వెల్స్, అంటే మధ్యమధ్య విరామంతో వేగంగా తీసే పరుగులు, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడే. వేడి రోజున వేడే శిక్షణ, దాని మీద స్పీడు వర్క్ కూడా వేయకండి.

పరుగుకు ముందు, తర్వాత బరువు చూడండి. 58 కిలోలతో మొదలై 57కి వచ్చి, మధ్యలో అర లీటరు తాగితే, గంటకు చెమట లీటరున్నర. ఎనిమిది మందికి ఎనిమిది అంకెలు వస్తాయి, అందరికీ ఒకే సీసా ఇవ్వడం ఎందుకు తప్పో అప్పుడు కళ్లకు కనిపిస్తుంది. చొక్కా మీద తెల్లటి చారలు పడేవాళ్లకు ఉప్పు ఎక్కువ పోతోంది. చెమట లీటరుకు పావు గ్రాము సోడియం పోయేవాళ్లూ ఉన్నారు, గ్రాముంపావు దాటేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్ఎస్ ఇవ్వండి. కొబ్బరినీళ్లు మంచివే కానీ వాటిలో సోడియం తక్కువ. పరుగు తర్వాత బరువు పెరిగితే మాత్రం నీళ్లు అవసరానికి మించి తాగుతున్నారని అర్థం, అది కూడా ప్రమాదమే. నుదుటి మీద పెట్టే థర్మామీటర్ గన్ పరుగులో నమ్మొద్దు. చెమటకు చర్మం చల్లబడి, లోపల 40 ఉన్నా అది 37 చూపిస్తుంది.

మైదానంలో రెండు బస్తాల ఐసు, నీళ్లు, ఒక పెద్ద టార్పాలిన్ లేకుండా ఈ విడత మొదలుపెట్టకండి. ఎవరైనా తూలినా, పొంతన లేకుండా మాట్లాడినా, ఊరికే కోపం తెచ్చుకున్నా, పడిపోయినా వడదెబ్బ అనే అనుకోండి, చెమట పడుతున్నా సరే. 108కి ఫోన్ చేయించండి, కానీ అంబులెన్స్ వచ్చేదాకా చూస్తూ కూర్చోకండి. టార్పాలిన్‌లో పడుకోబెట్టి, నలుగురు అంచులు ఎత్తి పట్టుకుని, ఐసు నీళ్లు పోసి కదుపుతూ ఉండండి, తల మాత్రం పైకి పట్టుకోండి. ముందు చల్లబరచడం, తర్వాత తరలించడం. ఫాల్‌మత్ రేసులోనే 18 ఏళ్లలో 274 మందికి ఇలాంటి వడదెబ్బ తగిలితే, అక్కడికక్కడే చల్లటి నీటిలో ముంచడం వల్ల ఒక్కరు కూడా చనిపోలేదు. మొదటి అరగంటే ప్రాణం.

చెన్నై మీట్‌కు లెక్క ఇలా వేసుకోండి. ఇప్పుడు నాలుగైదు రోజులు విరామం ఇచ్చి, రెండో విడత పది నుంచి పద్నాలుగు రోజులు నడపండి. ఒకసారి అలవాటు పడినవాళ్లకు రెండోసారి త్వరగా వస్తుంది కాబట్టి ఆ నలుగురికి వారం చాలు, మిగిలిన రోజులు వాళ్లకు విశ్రాంతి ఇవ్వొచ్చు. మార్పు లేని ఇద్దరికీ, అమ్మాయికీ పూర్తి పద్నాలుగు రోజులు. మీట్‌కు ముందు వారంలో మూడు రోజులకొకసారి తేలికపాటి వేడి పరుగు పెడితే వచ్చింది జారిపోదు. రెంటచింతల అబ్బాయిని డాక్టరు చూసి సరేనన్న తర్వాత, విడిగా ఇరవై నిమిషాల నడకతో మొదలుపెట్టి, రెండ్రోజులకొకసారి పది నిమిషాలు పెంచండి. ఇంకొకరు ఎప్పుడూ పక్కన ఉండాలి. అతని మొదటి పది రోజుల హార్ట్ రేట్లు, బరువులు, వాడుతున్న మాత్రల పేర్లు ఇక్కడ రాస్తే, 10,000 మీటర్లు పరిగెత్తించాలా, 5,000తో సరిపెట్టాలా అన్నది ఆ అంకెలు చూసి మాట్లాడుకుందాం.